బ్యాంకాక్ చాయ్ చేసిన ఎండాకాలం

చాయ్ చల్లారడానికి ఏ ఇంట్లోనూ ఎవరూ కష్టపడక్కర్లేదు. గ్లాసులో పోసి మరిచిపోతే అదే చల్లారుతుంది. అయినా 1985 ఎండాకాలంలో ఒక్క గ్లాసు చాయ్‌ని చల్లగా, తాగేటట్టుగా చేయడానికి మా ఇంట్లో ముగ్గురు పెద్దమనుషులం రెండు నెలలు అవస్థపడ్డాం. నా వంటి కోపిష్టి మనిషి నెత్తిన దేవుడు అలాంటి పని ఎందుకు పెట్టాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

మా ఆయన మదన్‌మోహన్ ఓడ మీద వంటవాడు. మా జహీరాబాద్ మీదుగా బొంబాయి లారీలు పగలూ రాత్రీ పోతూనే ఉంటాయి. పద్దెనిమిదేళ్ళ వయసులో అలాంటి లారీ ఒకటి ఎక్కిపోయి, అక్కడ హోటళ్ళలో పనిచేసి, చివరికి ఒక సరుకు ఓడ వంటింట్లో చేరాడు. ఆ ఓడ బియ్యం కోసం బ్యాంకాక్ పోయి వస్తుండేది. మా పెళ్ళయి అప్పటికి ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళలో ఆయన ఇంట్లో ఉన్న రోజులన్నీ కలిపితే పదకొండు నెలలు. క్యాలెండర్ ముందు పెట్టుకుని నేనే లెక్కపెట్టాను. మిగిలిన కాలమంతా నేను, మా అత్తమ్మ హనుమమ్మ, రెండెకరాల అల్లం, రెండు బర్రెలు.

ఆ మార్చి చివర వచ్చినప్పుడు ఆయన సంచిలో నాకు చీర లేదు. రెండు రేకు డబ్బాల నిండా చాయ్‌పత్తి ఉంది. డబ్బా మీద ఏనుగు బొమ్మ, కింద ఎవరికీ రాని లిపి. మూత తీస్తే పొడి ఎర్రగా, ఏదో మసాలా వాసనతో ఉంది. అది చూపించి, "ఈసారి ఓడ మీదికి పోను మనోరమా, ఇది నడిస్తే ఈడ్నే ఉండిపోత" అన్నాడు. ఇది నడిస్తే అన్న ముక్క నా చెవికి ఎక్కలేదు. ఉండిపోత అన్నది మాత్రం కొంగున కట్టుకున్నాను.

బ్యాంకాక్ రేవులో ఒక ముసలామె బండి పెట్టుకుని ఈ చాయ్ అమ్ముతుందట. గ్లాసు నిండా దంచిన ఐసు, దాని మీద ఎర్రటి తియ్యటి చాయ్, పైన చిక్కటి పాలు. ఎండలో మూటలు మోసే వాళ్ళు ఆమె ముందు వరస కడతారట. మన దగ్గర మాత్రం ఎండ తక్కువా, అని ఆయన వాదన. మే నెలలో బొంబాయి బస్సు దిగినోనికి పొగలు కక్కే చాయ్ పోస్తున్రు, ఇదేం తెలివి అని నన్ను అడిగాడు. దిగినవాళ్ళు దాన్ని ఊదుకుంటూ ఇష్టంగానే తాగుతున్నారు కదా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆయన ఇంట్లో ఉంటానంటే నేను ఐసు కాదు, నిప్పు అయినా అమ్మడానికి సిద్ధం.

జూన్ ఒకటో తారీఖుకు ఆయన బొంబాయిలో హాజరు కావాలి. కాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకడికి పోతుంది. అంటే ఆ లోపల చాయ్ కుదరాలి, దుకాణానికి జాగా దొరకాలి.

పని ముగ్గురి మధ్యా పంచుకున్నాం. పొడిని నీళ్ళలో మరిగించి, పాత ధోవతి గుడ్డతో కుట్టిన సంచిలో వడగట్టడం ఆయన వంతు. అక్కడ డబ్బా పాలు పోస్తారట. అవి మాకు దొరకవు కాబట్టి బర్రె పాలలో చక్కెర వేసి, అడుగంటకుండా రెండు గంటలు కలుపుతూ చిక్కబెట్టడం నా వంతు. ఆ ఎండల్లో, ఆ పొయ్యి ముందు. కోవా అయితే పాడు, నీళ్ళగా ఉంటే పాడు. ఐసు కోసం ఆయన సైకిల్ మీద ఐస్‌ఫ్రూట్లు చేసే కార్ఖానాకు పోయి, గోనెసంచిలో వరి పొట్టు వేసి ఒక దిమ్మె తెచ్చేవాడు. ఇల్లు చేరేసరికి సగం దారి పొడుగునా కారిపోయేది. ఆ మిగిలిన సగాన్ని ఆయన పెరట్లో కూర్చుని రోకలితో దంచుతుంటే, వడగట్టిన ఎర్రటి డికాషన్‌కు అత్తమ్మ కాపలా ఉండేది. ఈగలు పడకుండా చూడటం ఆమె పని.

మొదటి రోజు గ్లాసులో ఐసు వేసి, నా పాలు కలిపిన గోరువెచ్చటి చాయ్ పోస్తే రంగు చూడటానికి ఎంతో బాగుంది. ఆయన ముఖం వెలిగిపోయింది. నాలుగు గుక్కలు తాగేలోపల గ్లాసులో సన్నటి నూకల్లాంటివి తేలాయి. పాలు విరిగాయి. ఆయన గ్లాసును ఎండకు పట్టి చూసి, గొంతులో ఏదో మంటగా కూడా ఉందన్నాడు. ఓడ వంటింటి పొగతో, బీడీలతో ఆయన ముక్కు, నాలుక ఎప్పుడో మొద్దుబారాయి. ఏం మంటో ఆయన చెప్పలేకపోయాడు. ఇక మా ముక్కులంటారా, ఆ నెలల్లో మధ్యగదిలో గోడ ఎత్తున విత్తనపు అల్లం పోసి ఉంటుంది. మా బట్టలూ జుట్టూ తాగే నీళ్ళూ అన్నీ అదే వాసన. ఎవరైనా అల్లం ముక్క మా ముక్కు కింద పెట్టినా మాకు తెలియదు.

పాలు విరిగితే తప్పు ఎవరిది? పాలు కాచినదానిది. అందులో రెండో మాట లేదు. పొద్దుటి పాలా సందెపాలా అని అడిగాడు. గిన్నె చింతపండుతో తోమినవా, పులుపు అంటుకుందేమో అన్నాడు. మర్నాడు బూడిదతో తోమాను. విరిగాయి. రెండో బర్రె పాలు పెట్టాను. విరిగాయి. పక్కింటి గంగమ్మ దగ్గర కొత్త స్టీలు గిన్నె అడిగి తెచ్చాను. అందులోనూ విరిగాయి, పైగా గంగమ్మ వచ్చి, చల్లారిన చాయ్ పారబోసే లోకంలో మీరేంది పిల్లా చల్లారబెట్ట కష్టపడుతున్రు అని నవ్వి పోయింది. నాకు ఆమె గిన్నె ఆమె నెత్తికే కొట్టాలనిపించింది.

ఏప్రిల్ అంతా ఇలాగే గడిచింది. వారానికి మూడుసార్లు చేసేవాళ్ళం, మూడుసార్లూ పోయేది. ఒకరోజు తక్కువ విరిగితే ఆయన సంబరపడేవాడు, ఆ రోజు నేనేం చేశానో గుర్తు చేసుకోమనేవాడు. నేనేం చేశాను, రోజూ చేసిందే చేశాను. పొయ్యి పొగకు కళ్ళు మండి, చేతి మీద పాలు చిట్లి బొబ్బలెక్కి, మీదినుంచి శుభ్రం లేనిదాన్నన్న పేరు. ఒకసారి కోపం పట్టలేక, మీ ముసలామె ఆ రేవులో గిన్నె దేనితో తోముతుందో ఓడెక్కి పోయి అడిగి రా అన్నాను. అన్నాక నా నాలుక నేనే కరుచుకున్నాను. ఓడెక్కి పో అన్న మాట నా నోట రావాల్సింది కాదు.

అత్తమ్మ మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. కొడుకు ఉండిపోవాలని నాకంటే ఎక్కువ ఆశ ఆమెకు. విరిగిన చాయ్ గ్లాసు కూడా పారబోయనిచ్చేది కాదు, కొడుకు చేసిందని కళ్ళు మూసుకుని తాగేసేది. ఝరాసంగం దేవునికి మొక్కుకుంది కూడా.

బస్టాండు ఎదురుగా హోటల్ నడిపే సంగయ్య మా ఆయనకు చిన్నప్పటి నుంచి ఎరుక. హోటల్ ముందర మూల సంగయ్యదే. అక్కడ ఒక బల్ల, ఐసు పెట్టె పడతాయి. ఆ మూల కోసం చెరుకు రసం మిషన్ పెట్టుకుంటానని బీదర్ నుంచి ఒకతను కూడా తిరుగుతున్నాడు. సంగయ్య న్యాయంగానే మాట్లాడాడు. మే మొదటి సోమవారం మీ ఇంటికొస్త, తాగి చూస్త, మంచిగుంటే మూల నీదే అన్నాడు.

ఆ సోమవారం నేను నాలుగింటికే లేచాను. కొత్త మట్టికుండ పాలు కాచడానికి వాడాను, ఎవరి చేయీ తగలనివ్వలేదు. చిక్కబడ్డ పాలు నాలుక మీద వేసుకుని చూశాను, తేనెలాగా ఉన్నాయి. ఆయన డికాషన్ వడగట్టి ఐసు దంచడానికి పెరట్లోకి పోయాడు. సంగయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తెల్లటి ధోవతి, భుజాన తువ్వాల. చాయ్ కలిపి, ఐసు మీద పోసి, నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఎర్రగా, నురగతో, గ్లాసుకు చెమట పట్టి ఉంది. లోపల నాకూ చెమటే.

సంగయ్య వెంటనే తాగితే ఏమయ్యేదో. కానీ పెద్దమనిషి కదా, గ్లాసు పట్టుకుని అల్లం ధర, బోర్ల నీళ్ళు, మా మామయ్య ఉన్నప్పటి ముచ్చట్లు మొదలుపెట్టాడు. మా ఆయన సంగయ్య చేతిలోని గ్లాసునే చూస్తున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి, తాగు తండ్రీ తాగు అని లోపల మొత్తుకుంటున్నాను. ఆ ముచ్చట అయ్యేసరికి గ్లాసులో నూకలు తేలాయి. సంగయ్య చూశాడు. చూసి కూడా మర్యాదకు సగం తాగాడు, మూతి తుడుచుకున్నాడు.

"చెల్లె, తప్పుగ అనుకోకు, చాయ్ వేడిగనే బాగుంటది" అని నాతో అన్నాడు. మా ఆయనతో ఏమీ అనలేదు. గురువారానికి ఆ మూలలో చెరుకు రసం మిషన్ గంట మోగుతూ కనిపించింది.

ఆ తరువాత మా ఆయన చాయ్ మాట ఎత్తలేదు, నన్ను తిట్టనూ లేదు. తిట్టినా బాగుండేది. బొంబాయి బస్సుకు మే ఇరవై ఎనిమిదికి సీటు రాయించుకొచ్చి, టికెట్ క్యాలెండర్ మేకుకు గుచ్చాడు. నేను గదిలో కూర్చుని విత్తనపు అల్లంలో కుళ్ళినవి ఏరుతూ, ఆ కాగితం వైపు చూడకుండా వారం గడిపాను.

ఒక డబ్బా అడుగున ఇంకా రెండుసార్లకు సరిపడా పొడి మిగిలింది. శుక్రవారం ఆయనకే ఏమనిపించిందో, ఊరికే ఒకసారి తాగుదామని మళ్ళీ ఐసు తెచ్చాడు. నేను బర్రె దగ్గర పని ముగించుకుని, ఎప్పటికంటే ముందుగా వంటింట్లోకి వచ్చాను. పెరట్లో రోకలి చప్పుడు వినిపిస్తోంది. అత్తమ్మ డికాషన్ గిన్నె ముందు కూర్చుని ఉంది. చేతిలో చిన్న గుడ్డమూట. దాన్ని పిడికిట్లో పెట్టి, గిన్నెలోకి పిండుతోంది. పచ్చటి రసం ధారగా పడుతోంది.

పచ్చి అల్లం రసం. అది తగిలితే గోరువెచ్చటి పాలు విరుగుతాయని మా వైపు పదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. అందుకే మేము చాయ్‌లో అల్లాన్ని ముందు నీళ్ళలో బాగా ఉడికించి, ఆ తరువాతనే పాలు పోస్తాం. నా చేతుల్లో పాలచెంబు ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రోజు నేను ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

"అత్తమ్మా, ఇదేం పని?" అన్నాను.

ఆమె కొంచెం కూడా తడబడలేదు. కొడుక్కి చిన్నప్పుడు దమ్ము, అదే ఉబ్బసం, ఉండేదట. చలికాలం వస్తే రాత్రిళ్ళు కూర్చోబెట్టుకుని అల్లం రసం తాపి బతికించుకుందట, సంగారెడ్డి దవాఖానలో కూడా వారం ఉన్నారట. ఇప్పుడు రోజూ గ్లాసులకు గ్లాసులు ఐసు తాగుతున్నాడు, ఛాతీలో సలి చేరదా అంది. చాయ్‌లో ఏమీ వేయొద్దని వాడు ముందే గట్టిగా చెప్పాడు కాబట్టి, వాడు పెరట్లోకి పోయినప్పుడు వేస్తోందట.

"పాలు ఇరుగుతయని నీకు తెల్వదా?"

"పాలల్ల ఏసిన్నా పిల్లా? నీళ్ళల్ల ఏసిన."

"అన్నిసార్లు ఏసినవా?"

"ఒక్కసారి గూడ మర్వలే" అంది, నేనేదో అనుమానపడుతున్నానని కాస్త నొచ్చుకుంటూ.

నేను పాలచెంబు నేల మీద పెట్టి, పక్కన కూలబడ్డాను. సంగయ్య వచ్చిన రోజు కూడానా అని అడగలేదు. అడగక్కర్లేదు. నా ముఖం చూస్తూ చూస్తూ ఆమెకు విషయం తెలిసొచ్చింది. ముందు ఆ గుడ్డమూట వైపు చూసింది, తరువాత మేకుకు ఉన్న టికెట్ వైపు చూసింది. ఆ రోజు ఐసు కరిగిపోయిందని ఏదో సాకు చెప్పి, ఆ డికాషన్‌ని బర్రెల కుడితిలో పారబోశాను. అత్తమ్మ ఆ పూట అన్నం తినలేదు. తినమని నేను అడగనూ లేదు, నాకు అంత కోపంగా ఉంది.

రెండు రోజులు ఆలోచించాను. నాకు ఒక దారి కనిపించింది. మిగిలిన పొడితో ఒక్కసారి సరిగ్గా చేసి ఆయన చేతికిస్తాను. తాగాక జరిగినదంతా చెప్తాను. సంగయ్య మూల కాకపోతే ఇంకో మూల ఉంటుంది, ఆయన పొడి పార్సిల్‌లో తెప్పించుకోవచ్చు, ఉండిపో అని అడుగుతాను. ఆరేళ్ళలో నేను ఆయన్ని ఉండమని నోరు తెరిచి ఒక్కసారి కూడా అడగలేదు. ఈసారి నా చేతిలో రుజువు ఉంది.

ఇరవై ఏడో తారీఖు మధ్యాహ్నం అంతా నేనే చేశాను. డికాషన్ నేనే కాచాను, పాలు నేనే చిక్కబెట్టాను, ఐసు ఆయన దంచి ఇచ్చాడు. అత్తమ్మ గడప దగ్గర, రెండు చేతులూ కొంగులో పెట్టుకుని కూర్చుంది. గ్లాసు ఆయనకిచ్చి నేను ఎదురుగా నిలబడ్డాను. ఆయన అలవాటుగా ముందు ఎండకు పట్టి చూశాడు. కాసేపు ఆగి మళ్ళీ చూశాడు. నూక లేదు. ఒక గుక్క తాగాడు.

"ఇదే" అన్నాడు. ఇంకో గుక్క తాగాడు. "ఇదే మనోరమా."

ఆ తరువాత ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. రేవులో పొద్దున పూట నీళ్ళ మీద పడవల్లో కూరగాయలు అమ్ముతారట. ఓడ ఆగగానే కుర్రాళ్ళంతా ఆ ముసలామె బండి దగ్గరికి పరుగెత్తుతారట, ఈయన్ని చూస్తే ఆమె అడగకముందే రెండు గ్లాసులు పోస్తుందట. అక్కణ్ణుంచి ఇంకా ముందుకు పోతే ఇంకో రేవు ఉందట, అక్కడి నీళ్ళు ఆకుపచ్చగా ఉంటాయట. రెండు నెలల్లో ఆయన అన్ని మాటలు మాట్లాడలేదు. కళ్ళలో అంత వెలుగు నేను చూడలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆయన మా ఇంట్లో లేడు. నేను అక్కడే నిలబడి, అడగాల్సిన మాటను పట్టుకుని, ఆయన వైపు చూస్తూ ఉండిపోయాను.

చివరికి ఆయన గ్లాసు కింద పెట్టి, "ఇయ్యాల ఏం మార్చినవ్?" అన్నాడు.

గడప దగ్గర అత్తమ్మ లేచింది. "కొడుకా, అది నేనే" అని మొదలుపెట్టింది.

"గిన్నె సరిగ్గ కడిగిన" అన్నాను నేను, ఆమె మాట మీదనే.

ఆయన నవ్వాడు. కోపంగా కాదు, తేలిగ్గా నవ్వాడు. "అంటే రెండు నెలల సంది కడగలేదా" అన్నాడు. నేను కూడా ఏదో నవ్వినట్టు ముఖం పెట్టి, ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయాను. పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. పొగ ఉంది కాబట్టి ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున బస్సు ఎక్కించడానికి ఇద్దరం పోయాం. చెరుకు రసం మిషన్ అతను అప్పుడే గంట కట్టుకుంటున్నాడు. మా ఆయన కిటికీలోంచి చేయి బయటికి పెట్టి, ఆరోగ్యం జాగ్రత్త అని అమ్మకు, మళ్ళీ దీపావళికి చూస్తా అని నాకు చెప్పాడు. ఏ దీపావళికో చెప్పలేదు. బస్సు కదిలాక దుమ్ము తగ్గేదాకా అక్కడే నిలబడి, ఇంటి దారి పట్టాం.

లారీలు పోతుంటే అత్తమ్మ రోడ్డు పక్కకు ఒదిగి ఒదిగి నడుస్తోంది. సగం దారిలో ఆగి, నా చేయి పట్టుకుంది.

"నా మీదికి రాకుండ ఎందుకు చెప్పినవ్ పిల్లా? తిట్టినా పడుతుంటి. నిజం చెప్తే వాడు ఉండిపోతుండెనేమో."

"ఉండకపోతుండె అత్తమ్మా" అన్నాను. "నిజం చెప్పినంక గూడ పోతే, చాయ్ కుదరక పోయిండని అనుకునుడు గూడ నాకు మిగలకపోతుండె."

ఆమె నా చేయి వదల్లేదు. ఇద్దరం అలాగే నడుచుకుంటూ ఇంటికి పోయాం.